రెండో రూము సంతకం

మా నాయిన వరి మానేసి రూములు వేసిన ఏడాది నేను ఆరో తరగతి. 1987. ఇస్నాపూర్‌లో మా ఇంటి వెనక కల్లం జాగాలో ఎనిమిది రూములు, నాలుగేసి చొప్పున రెండు వరసలు, పైన సిమెంటు రేకులు, మధ్యలో బోరింగు. ఎండాకాలం పగటిపూట ఆ రేకుల కింద మనిషి ఉడికిపోయేవాడు. అయినా ఒక్క రూమూ నెల రోజులు ఖాళీగా ఉన్నది లేదు. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం కంపెనీల కోసం బస్సు దిగే ప్రతి మనిషికీ తల దాచుకోవడానికి ఒక రేకు కావాలి.

మా దిక్కు ఫ్యాక్టరీ అనే మాట ఎవరూ అనరు. కంపెనీ అంటారు. ఏ కంపెనీ అని అడిగితే బోర్డు మీది పేరు చెప్పరు, లోపల తయారయ్యేది చెప్తారు. పైపుల కంపెనీ, గోలీల కంపెనీ, డబ్బాల కంపెనీ. అట్లాగే మా కిరాయిదారులకు కూడా మా ఇంట్లో పేర్లు ఉండేవి కావు. రెండో రూమాయన, ఐదో రూమోళ్లు, ఏడో రూము ఆమె. మా అమ్మ ఇప్పటికీ ఎవరినైనా గుర్తు చేసుకోవాలంటే నంబరే చెప్తుంది.

అమ్మకు చదువు రాదు. నాకు వస్తుందని మాత్రం ఊరంతా చెప్పుకునేది. ఒక ఆదివారం రెండో రూమాయన ఇన్‌లాండ్ లెటర్ పట్టుకుని వాకిట్లో నిలబడితే, "మా పోరడు రాస్తడు, కూసో" అంది. నన్ను అడగలేదు. అట్లా మొదలైంది నా రచన. ఇంత చిన్న మాట చెప్పడానికి నాకు సిగ్గు లేదు. చాలామంది రచయితలు తమ మొదటి ప్రేరణగా ఒక మహాకవిని చెప్పుకుంటారు. నాది ఉత్తరానికి ఒక సమోసా.

ఆదివారం పొద్దున బోరింగు పక్కన పీట వేసుకుని కూర్చుంటే వరసగా వచ్చేవాళ్లు. శ్రీకాకుళం వాళ్లు, నారాయణఖేడ్ వాళ్లు, బీదర్ దిక్కు వాళ్లు. ఐదో రూములో ఇద్దరు ఒడిశా వాళ్లు ఉండేవాళ్లు. వాళ్ల భాష నాకు రాదు కనుక ఉత్తరం వాళ్లే ఎవరితోనో రాయించుకొచ్చేవాళ్లు. పైన చిరునామా మాత్రం పాత కవరు చూసి నేను దించేవాడిని. ఒరియా అక్షరాలు గుండ్రంగా ఉంటాయి, తలకు గొడుగు పట్టినట్టు. నేను వాటిని రాసేవాడిని కాదు, బొమ్మలు వేసినట్టు వేసేవాడిని. ఏం రాస్తున్నానో తెలియకుండా నేను రాసిన అక్షరాలు అవే. విచిత్రం, అవి చేరాల్సిన చోటికి చేరేవి.

అన్నిటికంటే కష్టం మనియార్డరు ఫారం. దాని అడుగున చిన్న కూపను ఉండేది, డబ్బుతోపాటు అందుకునేవాళ్లకు ఇచ్చే ముక్క. అందులో మూడు వరసలు రాయడానికి చోటు. రెండు వందల రూపాయలు పంపే మనిషికి రెండు వందల మాటలు చెప్పాలని ఉంటుంది. పట్టేది పది, పన్నెండు. "పిల్లకు జ్వరం తగ్గిందా, అప్పు వాడికి సగం ఇవ్వు, మిగతాది పండక్కి, నేను పండక్కి రాను." ఏది ఉంచాలి, ఏది తీసేయాలి? నాకు పదకొండేళ్లు, నా ఎదురుగా ముప్పై ఏళ్ల మనిషి చేతులు కట్టుకుని నిలబడి చూస్తున్నాడు. చివరికి "పండక్కి రాను" అనేది తీసేద్దామన్నాడు. డబ్బు చూస్తే వాళ్లకే తెలుస్తుందట.

అప్పటికి నేను చందమామ, బాలమిత్ర బాగా చదివేవాడిని. పటాన్‌చెరు బస్టాండు దగ్గర పాతవి సగం ధరకు దొరికేవి. సాయంత్రం రేడియోలో కార్మికుల కార్యక్రమం వస్తుంటే ఎనిమిది రూముల తలుపులూ తెరిచి ఉండేవి, అది కూడా వినేవాడిని. అవన్నీ కలిసి నా తలలో ఒక భాష తయారైంది. ఆ భాషను ఎక్కడైనా వాడాలని నా చెయ్యి దురద.

ఆ దురద తీర్చుకుందామని దెబ్బ తిన్నాను. మా వాడకట్టులో ఒక ముసలమ్మ ఉండేది. కొడుకు దుబాయికి పోయి రెండేళ్లు. కార్డు రాయమని వచ్చింది. ఆమె చెప్పినవి చెప్పినట్టు రాసి, చివర నా సొంతంగా ఒక వాక్యం పెట్టాను: నీ రాక కోసం ఈ తల్లి కన్నులు కాయలు కాచినవి, కన్నీరు ఏరులై పారుచున్నది. ఇట్లాంటిదే. నాకు చాలా గర్వంగా ఉంది. చదివి వినిపించాను. ముసలమ్మ నా మొహం చూసింది.

"గీ మాట నేననలే కొడుకా."

"మంచిగుంటదని రాసిన అవ్వా."

"నేనెప్పుడు ఏడ్సిన? కొట్టెయ్యి."

కొట్టేశాను. కార్డు పాడైపోయిందని ఆమెకు కోపం. కాసేపు ఊరుకుని, ఈసారి నిజంగా ఆలోచించి చెప్పింది: "బర్రె ఈనిందని రాయి. జున్ను వండితే ఇంట్ల తినేటోళ్లు లేక వాడకట్టుకు పంచిన్నని రాయి."

అప్పుడు అది నాకు ఉత్త బర్రె సంగతిలాగే కనబడింది. తర్వాత ముప్పై ఏళ్లు కథలు రాశాను. జున్ను పాలంత వాక్యం ఒక్కటి పడలేదు. ఇది వినయం కాదు, లెక్క.

రెండో రూమాయన సంగతి చెప్పాలి. పలాస దిక్కు మనిషి, ప్రెస్సు మిషను మీద పని. రేకును మిషను కింద పెట్టడం, పెడలు తొక్కడం, చెయ్యి తీయడం, మళ్లీ పెట్టడం. రోజుకు ఎన్ని వేల సార్లో. నన్ను "బావూ" అనేవాడు. ఆయన ఉత్తరం ఎప్పుడూ ఒకటే. "రాయి బావూ. మీ అందరూ సేమమని తలుస్తాను. నాకేటీ ఇబ్బంది లేదు. పని బాగున్నాది. తిండి బాగున్నాది." నేను అలవాటుగా ఉభయకుశలోపరి పైన పెట్టేవాడిని. ఉత్తరమంతా నేనే రాసినా చివర సంతకం మాత్రం ఆయనదే. ఊళ్లో రాత్రి బడికి నెల రోజులు పోయి సంతకం ఒక్కటి నేర్చుకున్నాడట. పెన్ను నా చేతిలోంచి తీసుకుని, ఇన్‌లాండును తొడ మీద సర్దుకుని, ఊపిరి బిగబట్టి పెట్టేవాడు. చివరి అక్షరం కొమ్మును కాగితం అంచు దాకా లాగేవాడు. దాని కింద రెండు చుక్కలు. ఆ చుక్కలు ఎందుకని అడిగితే, "అలాగ వచ్చీసినాది" అన్నాడు.

1988 చలికాలంలో ఒక రోజు కుడిచేతికి ఇంత కట్టుతో వచ్చాడు. చూపుడువేలు, నడిమివేలు రెండూ రెండో కణుపు దాకా పోయాయి. కాంట్రాక్టరు చేతిలో కొన్ని నోట్లు పెట్టి, రెండు నెలలు రావద్దన్నాడు. పర్మినెంటు కాదు కనుక అంతకు మించి ఏమీ లేదు. ఆ ఆదివారం యథాప్రకారం ఇన్‌లాండ్ పట్టుకొచ్చాడు.

"రాయి బావూ. నాకేటీ ఇబ్బంది లేదు. పని బాగున్నాది."

నేను ఆయన చేతి వైపు చూశాను.

"ఏలు సంగతి రాయకు. ఆడకూతురు, అంత దూరంలో ఏటి సేస్తాది."

రాయలేదు. సంతకం దగ్గరికి వచ్చేసరికి ఇద్దరం ఆగిపోయాం. ఎడమచేత్తో ప్రయత్నించబోయి మానేశాడు. నా సిరాపెన్ను నిబ్బును ఎడమ బొటనవేలికి నాలుగుసార్లు రాసుకుని ముద్ర వేశాడు. సిరా ఎక్కువై గీతలు కూడా పడలేదు, నీలం మచ్చ పడింది.

పదిహేను, ఇరవై రోజులకు జవాబు వచ్చింది. అక్కడ ఎవరో బడిపంతులు రాసిపెట్టిన దస్తూరి, ముచ్చటగా ఉంది. నేను చదువుతున్నాను. పిల్లలు బాగున్నారు, జీడితోటకు కూలికి పోతున్నాను, మీ అమ్మకు దగ్గు. చివర్లో ఒక వరస: మీరు సంతకం ఎందుకు పెట్టలేదు, చేతికి ఏమైంది, నిజం రాయండి.

"మళ్లీ సదువు," అన్నాడు.

చదివాను.

"దానికి ఒక్క అచ్చరం రాదు బావూ," అన్నాడు. చాలాసేపు అదే మాట తిప్పితిప్పి అన్నాడు.

ఆమెకు చదువు రాదు. అందుకే ఇన్‌లాండ్ రాగానే చదివించుకోవడానికి పోయేముందు విప్పి తాను చదవగలిగింది చూసుకునేదన్నమాట. కొమ్ము, రెండు చుక్కలు. నా ముత్యాల్లాంటి అక్షరాల్లో ఒక్కటీ ఆమెకు పనికి రాలేదు. ఆ రోజు ఆయన చెప్పి రాయించిన ఉత్తరం చాలా చిన్నది. రెండు వేళ్లు పోయినాయి, మూడు ఉన్నాయి, రెండు నెలల్లో పనికి పోతాను. సాహిత్య సభల్లో చెప్పకుండా చెప్పడం గురించి ఎవరైనా గంటసేపు ఉపన్యసిస్తుంటే నాకు ఆ నీలం మచ్చ కళ్ల ముందుకు వస్తుంది, సగంలో లేచి చాయ్‌కి పోతాను.

మా నాయిన వరి ఎందుకు మానేశాడో చెప్పలేదు కదా. మాకు వాగు ఒడ్డున రెండెకరాలు. నక్కవాగు. పోయి మంజీరలో కలుస్తుంది. నా చిన్నతనంలో మా నాయిన అందులో చేపలు పట్టేవాడు. 1970ల నుంచి పటాన్‌చెరు చుట్టూ కంపెనీలు లేస్తూ వచ్చాయి. 1980లో ఇందిరాగాంధీ మెదక్ నుంచి గెలిచాక ఇంకా జోరుగా లేచాయి. మా ఊరోళ్లు సంతోషించారు, అబద్ధం ఎందుకు. వెనకబడిన జిల్లాకు నౌకర్లు వస్తాయన్నారు, వచ్చాయి కూడా. వాటితోపాటు వాగులోకి రాత్రిపూట ట్యాంకర్లు కూడా వచ్చాయి. నీళ్లు ఒకరోజు ఎర్రగా, ఒకరోజు నల్లచాయ్ రంగులో. చిట్కుల్, లక్డారం, పోచారం, బాచుగూడెం, ఆరుట్ల, అందరిదీ ఒకటే గోస. రోడ్డుకు అటుపక్క, 1972లో పెట్టిన ఇక్రిశాట్‌లో ప్రపంచంలోని శాస్త్రవేత్తలంతా వచ్చి మెట్టనేలల్లో జొన్న, సజ్జ, కంది, శనగ ఎట్లా పండించాలో పరిశోధన చేస్తున్నారు. ఇటుపక్క మా మడిలో గడ్డి కూడా మొలవదు. రోడ్డు ఒక్కటే అడ్డం.

1989 ఎండాకాలంలో వాగు వెంబడి రైతులు కొందరు కలిసి ఒక పెద్ద ఆఫీసుకు అర్జీ పెట్టాలనుకున్నారు. ఉత్తరాలు రాసే పిల్లగాడున్నాడని నన్ను పిలిచారు. నాతోపాటు మా బడి తెలుగు సారును కూడా. మా ఇంటి అరుగు మీద కూర్చున్నాం. అర్జీ అంటే ఎట్లా ఉండాలో నాకు తెలుసనుకున్నాను. "వ్యవసాయ కార్యకలాపములకు తీవ్ర విఘాతము కలుగుచున్నందున" అని మొదలుపెట్టాను. పెద్దమనుషులు తలలు ఊపారు. వెనక నుంచి ఒకాయన లేచాడు.

"గట్ల గాదు. నాటు ఎయ్యవోతే కాళ్లకు బొబ్బలొస్తున్నయి. కూలోళ్లు మా మడిల దిగుతలేరు. బర్రెల కడుపులు నిలుస్తలేవు. గది రాయి."

అర్జీలో ఇట్లాంటివి రాస్తారా అని నేను సారు వైపు చూశాను. సారు నా కాగితం తీసుకుని, నేను రాసిన మొదటి వాక్యం అడ్డంగా కొట్టేసి, ఆ రైతు చెప్పిన మూడు ముక్కలూ ఆయన నోట వచ్చినట్టే రాశాడు. కింద ముప్పై, నలభై సంతకాలు, అంతకంటే ఎక్కువ వేలిముద్రలు. నేను ఒక్కొక్క ముద్ర పక్కన పేరు రాస్తూ పోయాను. సాయంత్రమైంది.

ఆ అర్జీకి జవాబు రాలేదు. కానీ పటాన్‌చెరులో డాక్టర్ అల్లాని కిషన్‌రావు లాంటివాళ్లు ఈ కాలుష్యం మీద ఏళ్ల తరబడి కొట్లాడారు. 1990లో పటాన్‌చెరు, బొల్లారం సంగతి వ్యాజ్యంగా సుప్రీంకోర్టుకు చేరింది. దశాబ్దాలు నడిచింది. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరులోని ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటకు వచ్చే నీళ్లను పరీక్షించి, సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని ప్రచురించారు. ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండేదాని కంటే ఎక్కువ. ప్రపంచమంతా ఉలిక్కిపడింది. నేను ఆ వార్త చదివి అరుగు మీది రైతును తలుచుకున్నాను. ఆయన మాటకు అంకెలు రావడానికి 18 ఏళ్లు పట్టింది.

అర్జీ రాసిన రాత్రి సారు మా ఇంట్లోనే అన్నం తిన్నాడు. అప్పుడు చెప్పాడు జోగిపేట సంగతి. 1930లో నిజాం రాష్ట్రంలో మొదటి ఆంధ్ర మహాసభ మన జోగిపేటలోనే జరిగిందని, సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షుడని. సభల్లో తెలుగు మాట్లాడితే ఎగతాళి చేసే కాలమట. ఈ గడ్డ మీద కవులే లేరని ఒకాయన రాస్తే, సురవరం వారు కోప్పడి కూర్చోలేదు, తన గోలకొండ పత్రికలో ప్రకటన ఇచ్చి ఊరూరి నుంచి కవుల వివరాలు, పద్యాలు పోస్టులో తెప్పించారు. 1934లో గోలకొండ కవుల సంచిక వచ్చింది. అందులో 354 మంది.

"పోస్టుల తెప్పిచ్చిండా సార్?" అన్నాను. నాకు కవుల కంటే ఆ పోస్టు సంగతి నచ్చింది.

"నీ తీర్గనే," అన్నాడు సారు నవ్వుతూ.

ఆ నవ్వు పట్టుకుని నేను కథ రాశాను. విశాఖ సముద్రం ఒడ్డున ఒక యువకుడు, ఒక యువతి, అస్తమించే సూర్యుడు. నేను సముద్రం చూడలేదు. తిరుగు స్టాంపులు జతచేసి ఒక వారపత్రికకు పంపితే నెలలో తిరిగొచ్చింది. సారుకు చూపించాను. చదివి, పక్కన పెట్టి, "రెండో రూమాయన ఇంకా పంపే ఉత్తరాల మీద వేలిముద్రే వేస్తున్నడా?" అని అడిగాడు. లేదు సార్, ఎడమచేత్తో నేర్చుకుంటున్నాడు, కొమ్ము సరిగ్గా వస్తలేదు అన్నాను. "మరి గది రాయరాదు?" అన్నాడు. అంతే. నాకు రచన గురించి ఎవరైనా చేసిన బోధ అంతకంటే పెద్దది లేదు. దాన్ని రాయడానికి నాకు ఇంకో పదేళ్లు పట్టింది. అచ్చయిన రోజుకు రెండో రూమాయన లేడు. ఎటు పోయాడో తెలియదు. రూము ఖాళీ చేస్తూ మా అమ్మకు ఒక స్టీలు గిన్నె ఇచ్చి పోయాడు.

సంగారెడ్డి 2016లో జిల్లా అయింది. కందిలో ఐఐటీ, రుద్రారంలో యూనివర్సిటీ, ఇస్నాపూర్ చౌరస్తాలో సందు లేదు. మా రూములు ఇప్పుడు రెండంతస్తులు. ఉండేవాళ్లు బిహార్, ఒడిశా, జార్ఖండ్ పిల్లలు. ఉత్తరం రాసిపెట్టమని ఎవరూ రారు, ఫోన్లున్నాయి.

2025 జూన్ 30 పొద్దున పాశమైలారంలో మందుల్లో కలిపే పొడి తయారుచేసే ఒక కంపెనీలో పేలుడు జరిగింది. 40 మందికి పైగా కార్మికులు చనిపోయారు. చాలామంది బయటి రాష్ట్రాల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లే. కొందరిని గుర్తుపట్టడానికి డీఎన్ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది. ఆ సాయంత్రం మా మేడ మీద ఒక కుర్రాడు వాళ్ల అమ్మతో ఫోన్లో మాట్లాడుతున్నాడు, వీడియోలో. మొహం కనబడాలి, వెనక రోడ్డు, అంబులెన్సులు కనబడొద్దు. గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నాకు హిందీ బాగానే వస్తుంది. ఇక్కడ అంతా బాగుంది, పని బాగుంది, తిండి బాగుంది అంటున్నాడు.

నేను కిందికి వచ్చి, ముప్పై ఏడేళ్ల కిందటి నోటుబుక్కు వెతికాను. చిరునామాలు రాసుకున్న బుక్కు. సగం చెదలు తినేసింది. ఒరియా అక్షరాల బొమ్మలు ఉన్నాయి. సంతకం ఎక్కడా లేదు. ఉండదు, ఉత్తరాలన్నీ పోస్టులో పోయాయి కదా. ఉంటే పలాస దగ్గర ఏదో ఇంట్లో, ఏ ట్రంకుపెట్టెలోనో ఉండాలి.

అందుకని ఇది అడుగుతున్నాను. మీ ఇంట్లో తండ్రో, తాతో, మేనమామో పటాన్‌చెరు దిక్కు కంపెనీల్లో పనిచేసి రాసిన ఉత్తరాలు ఉంటే, మనియార్డరు కూపన్లు ఉంటే, చిత్తుకాగితాల వాడికి వేయకండి. ఒక్క కార్డు ఉన్నా, ఒక్క వేలిముద్ర ఉన్నా, ఈ పత్రిక చిరునామాకు పంపండి. నకలు తీసుకుని మీది మీకు వెనక్కి పంపిస్తాను. అందులో ఏముందో మీ ఇంట్లో చదివేవాళ్లు లేకపోతే, నేను చదివిపెడతాను.